మొలవని పుట్టకి ముడి

అనగా అనగా కొండ కింద ఒదిగి ఒక ఊరు ఉండేది. ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే కథ చెప్పను, అసలే ఇవాళ నాకు కోపంగా ఉంది. ఎవరి మీద అంటావా? ఈ కథలో వచ్చే పెద్దమనిషి మీద. నేను ఎన్నిసార్లు చెప్పినా ఆయన అదే పని చేస్తాడు, నాకు అదే కోపం వస్తుంది.

ఆ ఊరి వెనక అడవి. అడవిలో అక్కడొకటి అక్కడొకటి ఎర్రమట్టి పుట్టలు. పాముల పుట్టలు కావులే, కాళ్ళు ముడుచుకోకు. చెదలు కట్టుకున్న పుట్టలు. మొత్తం నలభై. వేసవంతా అవి బీటలు వారి నిలబడి ఉండేవి. ఆరుద్ర కార్తె వచ్చేది. ఆకాశం ఉరిమేది. ఒక పూట వాన దంచికొట్టేది. అప్పుడు మర్నాడు తెల్లారేసరికి ఆ పుట్టల మీద తెల్లగా, కొసన మొనదేలి, పుట్టగొడుగులు లేచేవి.

వాటి కోసం ఊరంతా ఏడాది పొడుగునా ఎదురు చూసేది. కత్తి పెట్టి కోసేవారు కాదు. చేత్తో నిలువునా చీల్చి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి, బియ్యం కడిగిన నీళ్ళు పోసి, మట్టికుండలో ఉడికించేవారు. ఆ వాసనకి పక్కింటివాళ్ళు పిలవకుండానే వచ్చేవారు. మిగిలినవి దారానికి గుచ్చి చూరుకి వేలాడదీసేవారు. ఎండాక పొడికొట్టి బాలింతల జావలో కలిపేవారు. మానుకి చెక్కలా పుట్టే గట్టి గొడుగుని సానరాయి మీద అరగదీసి, పిల్లల గవదబిళ్ళలకి పట్టు వేసేవారు. ఇంక జ్వరం పడి లేచి, నోరు చచ్చిపోయి, అన్నం చూస్తే మొహం తిప్పుకునేవాళ్ళకి పుట్టగొడుగుల చారే పథ్యం.

అడవి అందరిదీ. మరి పుట్ట ఎవరిది? దానికి ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. పుట్ట మీద మొలకని మొదట ఎవరు చూస్తే వాళ్ళు అడ్డాకు ఒకటి ముడివేసి, పుల్లకి గుచ్చి, పుట్టలో పాతేవారు. అడ్డాకంటే విస్తళ్ళు కుట్టే అడవి ఆకు. బస్సు సీటు మీద మీ తాతయ్య తువ్వాలు వేస్తాడు చూడు, అలాగన్నమాట. ముడి ఉన్న పుట్టని ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. గొప్పవాడి ముడి అయినా అంతే, ఏమీ లేనివాడి ముడి అయినా అంతే.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒకామె ఉండేది. ఏ గొడుగు తినేది, ఏది ముట్టుకోకూడనిది ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చెప్పమంటే చెప్పేది, కానీ తిట్టకుండా చెప్పేది కాదు. కోపం ఆమెకి ముక్కు మీదే ఉండేది. ఆమె మొగుడు కొండకి కట్టెలకి వెళ్ళి జారిపడి పోయాడు. సీతాలని ఏడేళ్ళ కూతురు. ఇంక ఆ ఇంట్లో ఎవరూ లేరు.

ఆ ఏడు సీతాలుకి జ్వరం వచ్చింది. మూడు వారాలు మంచం మీదే ఉంది. జ్వరం తగ్గింది కానీ పిల్ల ముద్ద మింగదు. దాలమ్మ గంజి పెట్టింది, పక్కకి తిప్పేసింది. చోడి అంబలి, అదే రాగి అంబలి, పెట్టింది, ఉమ్మేసింది. కొండతేనె నాకించింది, కళ్ళు మూసుకుంది. జబ్బలు పుల్లల్లా అయిపోయాయి. ఆ తర్వాత ఒకరోజు మబ్బులు చూసి పిల్లే అడిగింది.

"అమ్మా, ఉరుమొస్తే గొడుగుల సారు సేస్తావా? అదైతే తాగుతాను."

మూడు వారాల్లో పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే. దాలమ్మ వెంటనే కుండ తోమి బోర్లించింది. ఇంక ఉరుము రావడమే తరువాయి.

ఇప్పుడొస్తున్నాడు పెద్దమనిషి. ఆయన ఊరిపెద్ద, పేరు తవిటయ్య. కొడుక్కి పల్లంలో సంబంధం కుదుర్చుకున్నాడు. వియ్యాలవారు పాతికమంది భోజనానికి వస్తామన్నారు. తవిటయ్య మీసం దువ్వుకుని కబురు పంపాడు: "ఉరుము ఉరిమిన మర్నాడు రండి. మా కొండ గొడుగుల కూర తింటే మూడ్రోజులు చేతులు కడుక్కోరు."

కబురైతే పంపాడు. ఆ తర్వాత భయం పట్టుకుంది. ఊళ్ళోవాళ్ళు ముందు లేచి ముడులు వేసేస్తే? పాతికమందికి కూర చాలకపోతే? మీసం ఏమైపోవాలి? అప్పుడు ఏం చేశాడో తెలుసా? తన పొలంలో పనికి పల్లం నుంచి తెచ్చుకున్న నలుగురు మనుషులకి అడ్డాకుల మోపులు ఇచ్చి అడవికి తోలాడు. ఉరుము లేదు, వాన లేదు, ఒక్క మొలక లేదు. నలభై పుట్టలకీ నలభై ముడులు వేయించేశాడు. సిగ్గుండక్కర్లేదూ?

ఊరు గొణిగింది. బావి దగ్గర గొణిగింది, కల్లం దగ్గర గొణిగింది. తవిటయ్య ఎదురుపడితే మాత్రం "దండం బావూ" అంది. నాకు ఆయన మీద ఎంత కోపమో, ఆ గొణిగినవాళ్ళ మీదా అంతే కోపం.

దాలమ్మ గొణగలేదు. నేరుగా తవిటయ్య ఇంటికి వెళ్ళింది. ఆయన అరుగు మీద పదిమందిని పోగేసుకుని కూర్చున్నాడు. దాలమ్మ కోపాన్ని పళ్ళ కింద పట్టుకుని అడిగింది.

"బావూ, ఒక్క పుట్ట వొదిలెయ్యి. ఒక్కటి సాలు. నా గుంట ఏటీ తినటం నేదు. గొడుగుల సారు అడిగింది."

తవిటయ్య అన్నాడు: "ముడి ఎవులిదో పుట్ట ఆలది. ఊరి కట్టుబాటు నువ్వే గదేటి అందరికీ సెప్తావు?"

"మొలక సూసి ఏస్తే అది ముడి. మొలవని పుట్టకి ఏస్తే ఒట్టి ఆకు."

"ఒలే దాలీ, నీ కోపానికి గొడుగులు మొలుస్తాయేటే? ఉరుముకి మొలుస్తాయి. ఎల్లు, ఎల్లు. మా సుట్టాలు తిన్నాక మిగిల్తే పంపుతాను."

అరుగు మీద పదిమందీ నవ్వారు. వాళ్ళ పుట్టలూ పోయాయి, అయినా నవ్వారు. దాలమ్మ ఒక్కొక్కరి మొహం చూసింది. చూసి, ఇంటికి వచ్చేసింది. ఆ రోజు ఆమె పిడకలు కొడుతుంటే గోడ అదిరింది.

అప్పుడు ఉరిమింది. సాయంత్రం మొదలుపెట్టి పొద్దుపోయేదాకా కురిసింది. మర్నాడు తెల్లారేసరికి దాలమ్మ అడవిలో ఉంది. ఏ పుట్ట చూసినా తెల్లగా ఉంది. అంత విరగకాసిన ఏడు ఆమె పుట్టాక చూడలేదు. ప్రతి పుట్ట మీదా పుల్లకి గుచ్చిన ఆకు ముడి.

ఒక పుట్ట ముందు ఆమె కూర్చుంది. చుట్టూ ఎవరూ లేరు. పది గొడుగులు చాలు, చారు అయిపోతుంది. ఆకు పీకి అవతల పారేస్తే ఎవడు చూస్తాడు? చెయ్యి చాపింది. చాపి మళ్ళీ వెనక్కి తీసుకుంది.

ఎందుకంటావా? రేపు ఆమె ముడిని ఇంకొకడు పీకేస్తాడు కదా. గొప్పవాళ్ళకి గోడలున్నాయి, తాళాలున్నాయి. లేనివాళ్ళకి ఆ ఆకు ముడి ఒక్కటే ఉంది. దాన్ని తవిటయ్య సగం చంపాడు, మిగతా సగం నా చేత్తో చంపనా అనుకుంది దాలమ్మ. లేచి నిలబడి ఆ పుట్టని, ఆ ఆకుని, తవిటయ్యని, తవిటయ్య తాతముత్తాతల్ని తిట్టుకుంటూ ఒట్టి బుట్టతో ఇంటికి వచ్చింది.

"అమ్మా, సారు?" అంది సీతాలు.

"పడుకో," అంది దాలమ్మ. అరిచినట్టే అంది. తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇక్కడ అడవిలో ఏమైందో చెబుతాను. పుట్టగొడుగు ఎవరి కోసమూ ఆగదు. పొద్దున్న మొగ్గ, మధ్యాహ్నానికి విచ్చుకుపోతుంది, మర్నాటికి పురుగు పడుతుంది. నలభై పుట్టలు, నలుగురు మనుషులు, ఒక్క పూట. ఆ నలుగురూ వరి కోయగలరు కానీ గొడుగు ఎప్పుడూ కోసి ఎరగరు. ఊళ్ళోవాళ్ళని సాయం పిలవమంటే తవిటయ్య వద్దన్నాడు. చేతిలో పెడితే ఇంటికి పట్టుకుపోతారట!

పన్నెండు పుట్టలు కోసేసరికి ఎండెక్కింది. బుట్టలు నిండలేదు. నిండని బుట్టలు తీసుకెళితే తవిటయ్య చంపేస్తాడు. అప్పుడు వాళ్ళు అటూ ఇటూ చూశారు. మోడు చెట్ల కింద, కుళ్ళిన ఆకుల్లో, తెల్లగా మెరుస్తూ గొడుగులు. తెల్లగా ఉన్నాయి కదా, గొడుగులే కదా అనుకున్నారు. అవీ పీకి బుట్టల్లో వేసేశారు.

ఆ బుట్టలు దాలమ్మ వాకిలి ముందు నుంచే వెళ్ళాయి. ఆమె రోట్లో చోళ్ళు దంచుతోంది. బుట్ట పక్కన ఒక గొడుగు జారి వేలాడుతోంది. దాని కాడకి ఉంగరంలా ఒక పొర ఉంది. కాడ అడుగున కోడిగుడ్డు పెంకు చితికినట్టు ఒక తెల్ల సంచి ఉంది. దాలమ్మ చేతిలో రోకలి ఆగిపోయింది.

అది ఎలాంటిదో ఆమెకి తెలుసు. రుచిగానే ఉంటుంది, అదీ దాని దొంగ బుద్ధి. తిన్న పూట ఏమీ కాదు. మర్నాడు కడుపులో పట్టుకుంటుంది, ఆ తర్వాత ఇంక వదలదు.

దాలమ్మ ఏమనుకుందో తెలుసా? తిననీ అనుకుంది. రోకలి ఎత్తి వేసింది. తిననీ. ఎత్తి వేసింది. నేను పెట్టానా? ఎత్తి వేసింది. నలభై పుట్టలూ మింగాలనుకున్నాడుగా, మింగనీ.

అలా అనుకోవచ్చా అమ్మమ్మా అని అడగకు. అనుకుంది. అంత కోపం వస్తే ఎవరైనా అనుకుంటారు. నీకు రాకూడదు అంత కోపం, నేను దేవుడికి దండం పెట్టుకుంటాను.

అప్పుడు వీధిలో తవిటయ్య మనిషి కేకేసుకుంటూ వెళ్ళాడు. వియ్యాలవారికి తన గొప్ప చూపించాలిగా! "పిల్లల పంక్తి ముందు! ఊళ్ళో పిల్లలందరూ రండి! గొడుగుల కూర!"

ఆ ఏడు ఎవరింటా గొడుగు లేదు కదా. పిల్లలు పొద్దుటి నుంచి నోళ్ళు కట్టుకుని ఉన్నారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ పరుగెత్తారు. దాలమ్మ చేతిలో రోకలి పట్టుకునే పరుగెత్తింది.

తవిటయ్య పెరట్లో పందిరి. పందిరి కింద పిల్లలు విస్తళ్ళ ముందు కూర్చున్నారు. అన్నం వడ్డించేశారు. పెద్ద కుండలో కూర ఉడికి దిగింది. పక్కన ఇంకా వండని బుట్ట ఒకటి ఉంది. దాలమ్మ ముందు వంటవాడి దగ్గరికి వెళ్ళింది. అతనూ పల్లంవాడే.

"ఆ కూర పెట్టొద్దు. అందులో సెడ్డవి పడ్డాయి."

"నాకు పెట్టమన్నారు, పెడతన్నాను. నువ్వు తప్పుకో," అన్నాడు అతను.

అప్పుడు దాలమ్మ తవిటయ్య పెళ్ళాం అప్పలకొండ దగ్గరికి వెళ్ళింది. అప్పలకొండ నెమ్మదైన మనిషే. "భయపడకే దాలమ్మా. ఉడుకుతుంటే నా వెండిమట్టె అందులో ఏసి తీసేను. నల్లబడనేదు. ఇసం ఉంటే నల్లబడదేటి?"

వెండిమట్టె! విన్నావా? వెండికేం తెలుసు గొడుగు సంగతి? పసుపుకీ తెలియదు, వెల్లుల్లికీ తెలియదు. దాలమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "మట్టెకి తెలిస్తే మనుషులెందుకే?" అని, ఈసారి తవిటయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన వియ్యాలవారి మధ్య కుర్చీలో ఉన్నాడు.

"బావూ, పిల్లల్ని లేపు. కూర పారబొయ్యి."

తవిటయ్య మొహం కందగడ్డ అయింది. చుట్టాల ముందు చిన్నతనం కదా! గట్టిగా నవ్వేశాడు. "ఒక పుట్ట అడిగింది, ఇవ్వనేదు. అదండీ దీని కడుపుమంట. ఒరే, వొడ్డించండెహె!"

వంటవాడు గరిటె ముంచాడు.

దాలమ్మ మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ ఎవరూ వినలేదు. రోకలి రెండు చేతులా ఎత్తి కుండ మీద వేసింది. కుండ నాలుగు చెక్కలైంది. కూరంతా మట్టిలో కలిసిపోయింది. వేడి పులుసు ఆమె పాదాల మీద పడి బొబ్బలెక్కింది, అయినా ఆమె కదల్లేదు.

ఇంక చూడు గోల! పిల్లలు ఏడ్చారు. వియ్యాలవారు లేచి నిలబడ్డారు. ఊళ్ళోవాళ్ళు "అయ్యో అయ్యో, కడుపుకి పెట్టే కూర తగలేసింది" అన్నారు. ఆ పిల్లల తల్లులే అన్నారు, చూశావా? తవిటయ్య వేలు చూపించి అరిచాడు.

"ఈ రోజునుంచి నువ్వు అడవిలో అడుగు పెట్టడానికి నేదు. పుల్ల ఏరడానికి నేదు, ఆకు కొయ్యడానికి నేదు. ఊరంతా ఇంటన్నారు గదా!"

అడవి లేకపోతే దాలమ్మ ఏం తింటుంది? సీతాలుకి ఏం పెడుతుంది? అయినా ఆమె గట్టిగానే అంది.

"వొండని బుట్ట ఒకటుంది గదా. అదిలా తెండి."

ఎవరూ కదల్లేదు. చివరికి అప్పలకొండే వెళ్ళి బుట్ట తెచ్చి చాప మీద కుమ్మరించింది. దాలమ్మ కూర్చుని ఏరింది. ఇటు ఒకటి, అటు ఒకటి. నోరు తిడుతూనే ఉంది, చేతులు ఏరుతూనే ఉన్నాయి. రెండు కుప్పలయ్యాయి. అప్పుడు ఒక గొడుగు ఎత్తి చూపించింది.

"ఇది పుట్టది. దీనికి తోక ఉంటాది, జానెడు పొడుగున పుట్ట లోపలికి. తోక తెగినా తెగిన సోటు కనిపిస్తాది. మీరందరూ పుట్టి పెరిగినోళ్ళే, ఇది మీకు తెలుసు." ఆ తర్వాత రెండో కుప్పలోంచి ఒకటి ఎత్తింది. "దీనికి తోకేదీ? కాలికి సంచి, మెడకి ఉంగరం. ఇది ఏ పుట్టదో సెప్పండి."

జనం ముందుకి వంగి చూశారు. అప్పుడు ఎవరూ గొణగలేదు. తవిటయ్య మనుషుల్లో ఒకడు తల దించుకుని అన్నాడు: "బుట్టలు నిండలేదండీ. మోడు చెట్ల కింద తెల్లగా ఉంటే పీకామండీ. అన్నీ ఒకటే అనుకున్నామండీ."

తల్లులు పిల్లల్ని లాక్కుని గుండెకి హత్తుకున్నారు. ఒక పిల్లాడి మూతికి అన్నం మెతుకు అంటుకుని ఉంటే వాళ్ళమ్మ దాన్ని కూడా తుడిచేసింది.

తవిటయ్య మాత్రం ఊరుకోలేదు. కొంతమందికి ప్రాణం పోయినా పరువు పోకూడదు. "ఇదంతా ఇది అల్లిన కట్టుకథ. అవి మంచి గొడుగులే," అన్నాడు.

దాలమ్మ లేచింది. బొబ్బలెక్కిన కాళ్ళతో నడిచి ఆయన ముందు నిలబడింది. సంచి ఉన్న గొడుగు ఆయన చేతిలో పెట్టింది. ఈసారి బావూ అనలేదు.

"అయితే తిను తవిటయ్యా. మా పిల్లలకి పెట్టబోయింది నువ్వు తిను."

అప్పుడు అప్పలకొండ, ఆ నెమ్మదైన మనిషి, మొగుడి మొహంలోకి చూసి అంది: "తినండి మరి. మీరు తినలేనిది ఊరి పిల్లల ఇస్తట్లో ఎందుకు ఏయించేరు?"

ఇంక తవిటయ్యకి దారి లేదు. చుట్టాలు చూస్తున్నారు, పెళ్ళాం చూస్తోంది, ఊరు చూస్తోంది. మొండితనం చూడు, గొడుగుని నోటి దాకా తీసుకెళ్ళాడు. పెదవికి తాకబోయింది.

దాలమ్మ ఫెడేల్మని ఆ చేతి మీద కొట్టింది. గొడుగు ఎగిరి అవతల పడింది.

"నువ్వు సచ్చిపోతే నా కోపం ఎవడి మీద సూపించుకోను?" అంది.

తవిటయ్య కుర్చీలో కూలబడి మొహం కప్పుకున్నాడు. వియ్యాలవారు ఆ పూట మజ్జిగన్నం తిని వెళ్ళిపోయారు. పిల్లలందరూ ఇళ్ళకి వెళ్ళి చోడి అంబలి తాగారు. దాలమ్మ ఇంటికి వెళితే సీతాలు మళ్ళీ చారు అడిగింది. ఊరి పిల్లలందర్నీ కాచిన దాలమ్మ, తన పిల్లకి ఏం చెప్పాలో తెలియక, పొయ్యిలో నీళ్ళు కొట్టింది.

మర్నాడు తవిటయ్య బుట్ట నిండా బియ్యం, ఒక కొత్త చీర పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. "దాలమ్మా, కోపం పెట్టుకోకు. అడవి మాట మరిసిపో. నువ్వు ఎప్పటిలాగే తిరుగు."

"పెట్టుకుంటాను. నా కోపం నాది," అంది దాలమ్మ. "బియ్యం ఒద్దు, సీరొద్దు. నలభై ముడులూ ఇప్పు. నీ మనుషులు గాదు, నువ్వు. నీ సేత్తో."

తవిటయ్య నడిచాడు. వెనకాల ఊరు నడిచింది. మొదటి పుట్ట దగ్గర ఆకు విప్పాడు. అక్కడ కోయకుండా వదిలేసిన గొడుగులు నల్లబడి, నీరు కారి, పురుగులు పడి ఉన్నాయి. కంపు. ముక్కు మూసుకోబోయాడు. "మూసుకోకు," అంది దాలమ్మ. రెండో పుట్ట దగ్గరా అంతే. పదో పుట్ట దగ్గరా అంతే. ఒక్కో పుట్టా ఒక్కో ఇంటి కూర. ఇరవయ్యో పుట్ట దాటాక తవిటయ్య తలపాగా తీసేశాడు. ముప్పయ్యో పుట్ట దగ్గర ఆయనకి కళ్ళనీళ్ళు వచ్చాయి. కంపుకి వచ్చాయో ఎందుకు వచ్చాయో నాకు తెలియదు.

చివరికి నలభయ్యో పుట్ట. అది కొండచాటున నీడలో ఉంది. ఎండ తగలక ఆలస్యమైంది కాబోలు, పుట్ట పక్కన చిటికెన వేలంత మొలకలు అప్పుడే తలలెత్తుతున్నాయి. ముందు నడిచింది తవిటయ్య. ముందు చూసిందీ తవిటయ్యే. విప్పిన అడ్డాకు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. ఊరంతా ఆ చేతినే చూసింది.

తవిటయ్య పక్కకి తప్పుకుని తల వంచుకున్నాడు. "దాలమ్మా, ఇక్కడ మొలిసింది. నాను సూడనేదు. నువ్వే సూసేవు."

మెత్తబడుతుందనుకున్నావా దాలమ్మ? మండిపడింది.

"అబద్ధం ఆడకు! మొలవనప్పుడు సూసేనన్నావు, మొలిసినప్పుడు సూడనేదంటావేటి? నువ్వే సూసేవు. ముడెయ్యి. ఏసి, కోసి, నీ సేత్తో నా గుంటకియ్యి. ఇచ్చేది నిజంగా ఇయ్యి."

తవిటయ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముడి వేశాడు. మొలకలు కాస్త ఎదిగేదాకా ఆ పుట్ట దగ్గరే కూర్చోబెట్టింది దాలమ్మ ఆయన్ని. మధ్యాహ్నం దాటాక కోయడం మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా కోశాడా? "అలాక్కాదు! మెల్లగా తిప్పు. పుట్ట పెల్లగించకు. సన్నవి ఉంచు, ఎనకొచ్చేవోళ్ళకి కావాల," అని దాలమ్మ తిడుతూనే ఉంది. ఆయన తిట్లు తింటూ కోస్తూనే ఉన్నాడు. ఆ తర్వాత దాలమ్మ ఒక్కొక్కటీ తిప్పి చూసుకుంది. అన్నిటికీ తోకలున్నాయి.

తవిటయ్య ఆ బుట్ట మోసుకెళ్ళి సీతాలు మంచం పక్కన పెట్టాడు. దాలమ్మ చేత్తో చీల్చి, ఉల్లిపాయ వేసి, చారు కాచింది. సీతాలు లేచి కూర్చుంది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క తాగింది. గిన్నె ముందుకి చాపి, "ఇంకొంచెం ఎయ్యి," అంది. అప్పుడు దాలమ్మ ఏడ్చింది. అందరూ చూస్తుండగానే ఏడ్చింది.

గుమ్మంలో నిలబడ్డ తవిటయ్య నెమ్మదిగా అడిగాడు: "కోపం పోయిందేటి దాలమ్మా?"

దాలమ్మ కొంగుతో ముక్కు చీదుకుంది. "గుంట కడుపు నిండింది. కోపం ఎక్కడికి పోద్ది? వొచ్చే ఆరుద్ర దాకా ఉంటాది."

మళ్ళీ ఆరుద్ర కార్తె వచ్చింది. ఆకాశం ఉరిమింది. తెల్లారేసరికి ఊరంతా అడవిలో ఉంది. మొలక చూసినవాళ్ళు ముడి వేసుకుంటున్నారు. తవిటయ్య కూడా వచ్చాడు, అందరి వెనకాల నడుస్తూ, చేతులు రెండూ అందరికీ కనబడేలా ముందుకి పెట్టుకుని. దాలమ్మ తన పుట్ట కూడా వెతుక్కోకుండా ఆ చేతుల వంకే చూస్తూ నిలబడింది.

ఉరుము ఉరిమె, పుట్ట మొలిచె,
పుట్ట మొలిస్తే ముడి పడె,
ముడి పడితే బుట్ట నిండె,
బుట్ట నిండితే కుండ ఉడికె,
కుండ ఉడికితే పాప తాగె.
కథ నడిచిపోయె కంచికి,
మనం తిరిగొచ్చాం ఇంటికి,
నిద్దరొచ్చె నీ కంటికి.